కూర్చున్న కొమ్మ: చిన్న కంప్యూటర్లలో బయోస్ మార్పుల చరిత్ర

మీట నొక్కగానే కంప్యూటర్‌లోని ప్రోసెసర్ మేలుకుంటుంది. ఆ క్షణంలో దానికి హార్డ్‌డిస్కు ఉన్నదని తెలియదు, తెర ఉన్నదని తెలియదు, కీబోర్డు ముందు ఎవరో కూర్చుని ఉన్నారని అసలే తెలియదు. దానికి తెలిసినది ఒకే ఒక చిరునామా. ఇంటెల్ 8086 ప్రోసెసర్‌లోనూ, తొలి ఐబీఎం పీసీలో వాడిన 8088లోనూ ఆ చిరునామా ఒక మెగాబైటు సరిహద్దుకు 16 బైట్లు దిగువన ఉండేది. 386 నాటి నుండి అది నాలుగు గిగాబైట్ల సరిహద్దుకు 16 బైట్లు దిగువకు మారింది. అక్కడ ఏ ఆజ్ఞ రాసి ఉంటే దానిని పాటించడంతో యంత్రం పని మొదలవుతుంది. అక్కడ కాపురముండే ప్రోగ్రాము పేరు బయోస్. మెమరీని సరిచూడడం, తెరను వెలిగించడం, డిస్కును వెదికి అందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అప్పగించడం దాని విధులు.

ఆ బయోస్‌నే మార్చవలసి వస్తే ఏమి చేయాలి? పాతదాన్ని చెరిపి కొత్తదాన్ని రాయవలసినది కూడా ఆ యంత్రమే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం మూర్ఖత్వమని మన సామెత. బయోస్ నవీకరణ మాత్రం సరిగ్గా ఆ పనే. కొమ్మను నరకాలి, ఆ చోటనే కొత్త కొమ్మను అతికించాలి, ఈలోగా కింద పడకూడదు. పాతది చెరిగి, కొత్తది పూర్తికాని ఆ కొద్ది సెకన్లలో కరెంటు పోతే మరుసారి మీట నొక్కినప్పుడు చిరునామా ఉంటుంది కాని అక్కడ చదవడానికి ఆజ్ఞ ఉండదు. మరమ్మతు దుకాణాలవాళ్ళు అటువంటి బోర్డును 'డెడ్' అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

నేడు ఏ చిన్న కంప్యూటర్‌లో బయోస్‌ను మార్చబోయినా తెర మీద కొన్ని హెచ్చరికలు కనబడతాయి: ఛార్జరు తగిలించి ఉంచండి, మధ్యలో ఆపకండి, మీ మోడల్‌కు సంబంధించిన ఫైలునే వాడండి. చదివీ చదవకుండా దాటవేసే ఈ వాక్యాలలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక కాలంలో ఎదురైన నష్టం నుండి పుట్టినదే. ఆ నష్టాలనూ, వాటికి ఇంజనీర్లు వెదికిన విరుగుళ్ళనూ వరుసగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు పుట్టిన వైనం

బయోస్ అన్న మాట గ్యారీ కిల్డాల్ సృష్టి. కాలిఫోర్నియాలోని మాంటెరేలో నావికాదళపు ఉన్నత విద్యాసంస్థలో అధ్యాపకుడిగా ఉంటూ ఆయన 1974 ప్రాంతంలో సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించాడు. ఆనాటి మైక్రోకంప్యూటర్లు ఒకదానితో ఒకటి పోలేవి కావు. ఒక్కో కంపెనీ డిస్కును ఒక్కో పద్ధతిలో అమర్చేది. ఇమ్‌సాయ్ అనే కంపెనీ తమ యంత్రానికి తగినట్లు సీపీ/ఎంను మార్చి ఇమ్మని అడిగినప్పుడు, ప్రతి యంత్రానికీ మొత్తం వ్యవస్థను తిరగరాయడం కన్నా యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని విడదీసి ఒకచోట పెట్టడం మేలని కిల్డాల్ గ్రహించాడు. ఆ విడదీసిన భాగానికే బయోస్ అని పేరు. ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు సంబంధించిన ప్రాథమిక వ్యవస్థ అని దాని అర్థం.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. సీపీ/ఎం కాలంలో బయోస్ ఫ్లాపీ డిస్కులో ఉండేది. యంత్రంలోని రోమ్‌లో ఉండే చిట్టి ప్రోగ్రాము ఫ్లాపీ నుండి దానిని మెమరీలోకి ఎక్కించేది. కొత్త బయోస్ కావాలంటే కొత్త ఫ్లాపీ తయారు చేసుకుంటే చాలు. కొత్తది పని చేయకపోతే పాత ఫ్లాపీ అలమరాలో ఉండనే ఉన్నది. మార్పు తేలిక, వెనక్కి రావడమూ తేలిక. తరువాతి నలభై ఏళ్ళ చరిత్రను, ఈ రెండు సౌకర్యాలనూ పోగొట్టుకుని మెల్లమెల్లగా తిరిగి సంపాదించుకున్న కథగా చదవవచ్చు.

ఫర్మ్‌వేర్ అన్న మాట అంతకన్నా ముందుది. 1967లో డేటామేషన్ పత్రికలో ఆషర్ ఓప్లర్ దానిని ప్రయోగించాడు. అప్పట్లో అతని ఉద్దేశం ప్రోసెసర్ లోపలి మైక్రోకోడ్. యంత్రభాగాల వలె గట్టిగానూ ఉండదు, మామూలు ప్రోగ్రాముల వలె మెత్తగానూ ఉండదు, నడిమిది అని భావం. కాలక్రమంలో చిప్పులో నిలిచి ఉండే ప్రోగ్రాములన్నిటికీ ఆ పేరు స్థిరపడింది.

చిప్పు ఊడదీసి చిప్పు పెట్టిన కాలం

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని ప్రకటించింది. అందులో బయోస్ 8 కిలోబైట్లు. దానికి తోడుగా బేసిక్ భాష 32 కిలోబైట్లు. రెండూ రోమ్ చిప్పులలో కర్మాగారంలోనే అచ్చుపడి వచ్చేవి. రాతిశాసనం వంటి రాత అది, చెరపడం సాధ్యం కాదు. మార్చాలంటే చిప్పునే మార్చాలి.

మార్చవలసిన అవసరం తొందరలోనే వచ్చింది. మొదటి రెండు కూర్పుల బయోస్‌లకు, అదనంగా అమర్చిన కార్డుల మీద ఉండే రోమ్‌లను వెదికి పట్టుకోవడం తెలియదు. ఆ తెలివి లేకపోతే హార్డ్‌డిస్కు కార్డు నుండి యంత్రం మొదలుకాదు. 1982 అక్టోబరు 27 తేదీ వేసిన మూడవ కూర్పులో ఆ లోటు తీరింది. పాత యంత్రాల యజమానులు కొత్త చిప్పును కొని, పాతదాన్ని ఊడదీసి, దాని స్థానంలో అమర్చుకున్నారు. పీసీ ప్రపంచంలో తొలి బయోస్ నవీకరణ స్క్రూడ్రైవర్‌తో జరిగిన పని.

ఐబీఎం తన సాంకేతిక గ్రంథంలో బయోస్ ప్రోగ్రామును మొత్తంగా అచ్చువేసింది. చదవడానికి అందరికీ వీలున్నది కాని నకలు తీయడానికి చట్టం ఒప్పుకోదు. కాంపాక్ కంపెనీ ఇంజనీర్లు ఆ రాతను చూడని ప్రోగ్రామర్లతో, కేవలం అది చేయవలసిన పనుల పట్టికను ఆధారం చేసుకుని, కొత్త బయోస్ రాయించారు. 1984లో ఫీనిక్స్ సంస్థ అదే పద్ధతిలో తయారు చేసిన బయోస్‌ను ఎవరు కొన్నా అమ్మడం మొదలుపెట్టింది. ఆ తరువాత అవార్డ్, అమెరికన్ మెగాట్రెండ్స్ సంస్థలు ఈ రంగంలో పేరు పొందాయి. అమెరికన్ మెగాట్రెండ్స్‌ను 1985లో జార్జియా రాష్ట్రంలో స్థాపించిన ఇద్దరిలో ఒకరు భారతీయ మూలాలున్న ఇంజనీరు సుబ్రమణ్యన్ శంకర్, మరొకరు పాట్ శర్మ. 1990లలో కంప్యూటర్ వాడిన తెలుగువారికి తెర మీద మొదట కనబడే 'ఏఎంఐ బయోస్' అన్న అక్షరాలు గుర్తుండే ఉంటాయి.

ఈ కంపెనీల బయోస్‌లు ఎక్కువగా ఈప్రోమ్ చిప్పులలో వచ్చేవి. ఈప్రోమ్‌ను ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమాన్ కనిపెట్టి 1971లో వెలుగులోకి తెచ్చాడు. చిప్పు నడినెత్తిన క్వార్ట్జ్ గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి దీపం కింద పదిహేను ఇరవై నిమిషాలు ఉంచితే లోపలి రాత అంతా చెరిగిపోతుంది, కొత్తది రాసుకోవచ్చు. మామూలు వెలుతురు లోపలికి పోకుండా కిటికీ మీద ఒక చీటీ అంటించేవారు. కంపెనీ పేరు, కూర్పు సంఖ్య ఆ చీటీ మీదే ఉండేవి. రాయడానికి ప్రత్యేక పరికరం కావాలి కనుక మామూలు యజమాని చేతికి కొత్త చిప్పు తపాలాలో రావలసిందే. కాలు వంగడం, చిప్పును తలకిందులుగా గుచ్చడం, ఒంటి మీది స్థిరవిద్యుత్తుతో చిప్పు పాడవడం, ఇవీ ఆనాటి ప్రమాదాలు. అయితే పాత చిప్పు చేతిలో మిగిలి ఉంటుంది కనుక వెనక్కి వచ్చే దారి ఇంకా మూసుకుపోలేదు.

మెరుపు మెమరీ, బాలాలయం

జపానులో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో కొత్త రకం మెమరీని లోకానికి వివరించాడు. అందులోని రాతను విద్యుత్తుతోనే, పెద్ద భాగాలుగా ఒక్కసారిగా చెరపవచ్చు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్లు చెరిగిపోతున్నది కనుక దానికి ఫ్లాష్ అన్న పేరు బాగుంటుందని అతని సహోద్యోగి షోజీ అరిజుమీ సూచించాడు. 1988లో ఇంటెల్ దానిని వాణిజ్యపరంగా అమ్మసాగింది. ఆ సంస్థలో ఫ్లాష్ రూపకల్పనలో పాలుపంచుకున్నవారిలో, తరువాత పెంటియంతో పేరు పొందిన వినోద్ ధామ్ ఒకరు.

1990లలో మదర్‌బోర్డుల మీద ఈప్రోమ్ స్థానాన్ని ఫ్లాష్ ఆక్రమించింది. ఇక స్క్రూడ్రైవర్ అవసరం లేదు. ఒక ఫ్లాపీలో కొత్త బయోస్ ఫైలు, దానిని రాసే ప్రోగ్రాము ఉంటే చాలు. అయితే ఫ్లాష్ స్వభావంలోనే చిక్కు ఉన్నది. అందులో రాయడమంటే 1ని 0 చేయడం. 0ను తిరిగి 1 చేయాలంటే ఒక భాగం మొత్తాన్ని చెరపక తప్పదు. పాతది పూర్తిగా పోతే తప్ప కొత్తది రాదు. పైగా చెరుపుతున్నంతసేపు ఆ చిప్పు నుండి ఏదీ చదవడం కుదరదు. కాబట్టి మార్పు చేసే ప్రోగ్రాము ముందుగా మామూలు మెమరీలోకి చేరి, అక్కడి నుండి పని చేయాలి.

దేవాలయ జీర్ణోద్ధరణ పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. గర్భాలయంలో పని జరిగేటప్పుడు పూజలు ఆగకుండా తాత్కాలికంగా బాలాలయం నిర్మిస్తారు. యాదగిరిగుట్టలో 2016 నుండి 2022 వరకు నరసింహస్వామి దర్శనం బాలాలయంలోనే సాగింది. బయోస్ మార్పులో రామ్ మెమరీది బాలాలయం పాత్ర. తేడా ఒక్కటే: కరెంటు పోతే ఈ బాలాలయం క్షణంలో మాయమవుతుంది, అప్పటికి గర్భాలయం కూడా ఖాళీగా ఉంటుంది.

దీనికి తొలి విరుగుడు చిప్పు తయారీలోనే దొరికింది. 1990ల తొలి ఏళ్ళలో ఇంటెల్ అమ్మిన 28ఎఫ్001బీఎక్స్ అనే ఫ్లాష్ చిప్పు సామర్థ్యం 128 కిలోబైట్లు. దానిని సమభాగాలుగా కాక, 112 కిలోబైట్ల ప్రధాన భాగం, నాలుగేసి కిలోబైట్ల రెండు చిన్న భాగాలు, 8 కిలోబైట్ల బూట్ భాగంగా విభజించారు. బూట్ భాగాన్ని మార్చాలంటే చిప్పు కాలికి ప్రత్యేకంగా 12 వోల్టులు అందించాలి. మామూలు నవీకరణలో దాని జోలికి పోకుండా బోర్డును అమర్చవచ్చు. మూలవిరాట్టు కదలదు, ఊరేగేది ఉత్సవమూర్తి. ప్రధాన భాగం చెడిపోయినా బూట్ భాగం మేలుకుని, చెక్‌సమ్ సరిపోలేదని గుర్తించి, ఫ్లాపీ కోసం వెదుకుతుంది. అమెరికన్ మెగాట్రెండ్స్ బయోస్‌లలో కంట్రోల్, హోమ్ మీటలు కలిపి నొక్కితే ఫ్లాపీలోని ఫైలును చదివి తనను తాను బాగుచేసుకునే ఏర్పాటు ఉండేది. అటువంటి వేళ చాలా బోర్డులలో తెర నల్లగానే ఉండేది. ఫ్లాపీ దీపం వెలగడం, బీప్ శబ్దం వినబడడం మాత్రమే ప్రాణమున్నదనడానికి సూచనలు.

ఆ దశాబ్దం చివర లక్షల యంత్రాలకు నవీకరణ తప్పనిసరి చేసిన కారణం ఒకటి వచ్చింది. 1984 నాటి ఐబీఎం ఏటీ మొదలుకొని పీసీల గడియారపు చిప్పు సంవత్సరాన్ని రెండే అంకెలలో లెక్కించేది. శతాబ్దాన్ని సూచించే అంకెలను వేరే చోట దాచి, వాటిని సమయానికి మార్చే బాధ్యత ప్రోగ్రాములది. ఆ బాధ్యతను పట్టించుకోని పాత బయోస్‌లు 1999 డిసెంబరు 31 దాటగానే ఏ 1900కో 1980కో వెళ్ళిపోయే ప్రమాదం ఉన్నది. హైదరాబాదు నుండి అమెరికా చేరిన ఎందరో తెలుగు ప్రోగ్రామర్లకు దారి చూపిన వైటూకే ఇదే. వారిలో అత్యధికులు పెద్ద యంత్రాలలోని కోబాల్ ప్రోగ్రాములు సరిచేయడానికి వచ్చారు. ఆ కథ చాలాసార్లు చెప్పుకున్నదే. అదే వేళ కార్యాలయాలలో ఫ్లాపీ పట్టుకుని బల్లబల్లకూ తిరిగి బయోస్‌లు మార్చినవారి శ్రమ అంతగా చర్చకు రాలేదు.

1999 ఏప్రిల్ 26

ఫ్లాష్ తెచ్చిన సౌలభ్యం యజమానికి మాత్రమే పరిమితం కాలేదు. తైవాన్‌లోని తాతుంగ్ విశ్వవిద్యాలయ విద్యార్థి చెన్ ఇంగ్‌హావ్ రాసిన వైరస్ 1998లో బయటపడింది. అతని పేరులోని పొడి అక్షరాలతో దానికి సీఐహెచ్ అన్న పేరు వచ్చింది. విండోస్ 95, 98లు నడిచే యంత్రాలలో ప్రోగ్రాము ఫైళ్ళకు అంటుకుని నిశ్శబ్దంగా పాకింది. 1999 ఏప్రిల్ 26న దాని అసలు పని మొదలైంది. చెర్నోబిల్ ప్రమాదం జరిగిన తేదీ కూడా అదే కావడంతో పత్రికలు దానిని చెర్నోబిల్ వైరస్ అని కూడా పిలిచాయి.

ఆ రోజు అది హార్డ్‌డిస్కులో మొదటి మెగాబైటును సున్నలతో నింపింది. తరువాత బయోస్ ఉన్న ఫ్లాష్ చిప్పు మీద చెత్త రాయబోయింది. అన్ని యంత్రాలలోనూ ఆ ప్రయత్నం ఫలించలేదు. ముఖ్యంగా ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ ఉండి, రాయడానికి అడ్డులేని ఫ్లాష్ చిప్పులున్న బోర్డులు దెబ్బతిన్నాయి. అంతవరకు వైరస్ అంటే సమాచారం పోవడమే. యంత్రమే మేలుకోకుండా పోవడం సామాన్యులకు అదే తొలి అనుభవం.

ఈ ఘటన ఒక మౌలికమైన ప్రశ్నను ముందుకు తెచ్చింది. నవీకరణ చేస్తున్నది యజమానా, దొంగా అన్నది చిప్పుకు తెలియదు. తలుపు ఉన్నది, తాళం లేదు. అప్పటికే కొన్ని బోర్డుల మీద రాతను అనుమతించే జంపర్ ఉండేది. పెట్టె తెరిచి ఆ చిన్న ప్లాస్టిక్ టోపీని జరపందే రాయడం కుదరదు. భద్రతకు అంతకు మించినది లేదు కాని వందల యంత్రాలున్న కార్యాలయంలో ఎవరు జరుపుతారు? అందువల్ల ఎందరో తయారీదారులు దానిని తెరిచే ఉంచేవారు. మరొక మార్గం జంట చిప్పులది. గిగాబైట్ కంపెనీ 1990ల చివర డ్యుయల్ బయోస్ పేరుతో రెండు చిప్పులున్న బోర్డులను తెచ్చింది. ఒకటి చెడితే రెండవది మేలుకుని మొదటిదాన్ని బాగుచేస్తుంది. సీపీ/ఎం కాలంలో అలమరాలో ఉండిన పాత ఫ్లాపీ ఈ విధంగా బోర్డు మీదికి తిరిగి వచ్చింది.

ప్రోసెసర్ తప్పులను మోసే బండి

'పని చేస్తున్న బయోస్ జోలికి పోవద్దు' అన్నది చాలాకాలం నిపుణుల సలహా. కొత్త ప్రోసెసరో, పెద్ద డిస్కో అమర్చవలసి వస్తే తప్ప దానిని కదపకపోవడమే మేలని నమ్మేవారు. ఆ సలహా చెల్లకుండా చేసిన మార్పు 1994లో మొదలైంది.

ఆ సంవత్సరం పెంటియం ప్రోసెసర్ కొన్ని భాగహారాలను తప్పు చేస్తున్నదని గణితాచార్యుడు థామస్ నైస్లీ కనుగొన్నాడు. తప్పు చిప్పు లోపలి పట్టికలో ఉన్నది కనుక ప్రోసెసర్‌నే మార్చి ఇవ్వక తప్పలేదు. ఇంటెల్ అందుకోసం 47.5 కోట్ల డాలర్లు ఖర్చు కింద రాసుకున్నది. 1995లో వచ్చిన పెంటియం ప్రోలో మైక్రోకోడ్‌ను బయటి నుండి సవరించే వీలు కల్పించారు. ఆ సవరణ ప్రోసెసర్‌లో శాశ్వతంగా నిలవదు. మీట నొక్కిన ప్రతిసారీ బయోస్ దానిని కొత్తగా అందించాలి. అంటే ప్రోసెసర్ తప్పులకు మందు మోసుకుపోయే బండి బయోస్ అయింది.

2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు లోకానికి వెల్లడైనప్పుడు ఈ బండి ఎంత అవసరమో తెలిసింది. వెంటనే కొత్త మైక్రోకోడ్‌తో బయోస్‌లు విడుదలయ్యాయి. కాని కొన్ని యంత్రాలు వాటితో ఉన్నట్టుండి రీబూట్ కాసాగాయి. జనవరి 22న ఇంటెల్ ఆ కూర్పులను అమర్చడం ఆపమని చెప్పవలసి వచ్చింది. మందు అత్యవసరం, ఆ మందే వికటించింది. వెనక్కి వెళ్ళే దారి ఉన్నవారు పాత కూర్పుకు మళ్ళారు. నవీకరణలో భద్రత అంటే రాత మధ్యలో ఆగకపోవడం ఒక్కటే కాదు, రాసినది తప్పయినప్పుడు తిరిగి రాగలగడం కూడా అని ఆ నెల నేర్పింది.

సంతకం

ఇంటెల్ ఇటానియం ప్రోసెసర్ కోసం 1990ల చివర మొదలైన కొత్త ఏర్పాటు ఈఎఫ్ఐ. 2005లో పలు కంపెనీలు కలిసి ఒక వేదికగా ఏర్పడి దానిని యూఈఎఫ్ఐ పేరుతో ఉమ్మడి ప్రమాణంగా మార్చాయి. ఇవాళ జనం బయోస్ అని పిలుస్తున్నది నిజానికి యూఈఎఫ్ఐనే. పేరు మాత్రం పాతదే నిలిచింది. నవీకరణకు ఇందులో క్యాప్సూల్ అనే పద్ధతి ఉన్నది. ఆపరేటింగ్ సిస్టమ్ స్వయంగా చిప్పు మీద రాయదు. కొత్త ఫర్మ్‌వేర్‌ను ఒక మూటగా అప్పగించి యంత్రాన్ని రీబూట్ చేస్తుంది. పాత ఫర్మ్‌వేర్ మేలుకుని, ఆ మూట మీది డిజిటల్ సంతకాన్ని పరీక్షించి, తయారీదారుడిదేనని తేలిన తరువాత రాస్తుంది.

అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011 ఏప్రిల్‌లో బయోస్ రక్షణ మార్గదర్శకాలను వెలువరించింది. సంతకం లేని నవీకరణను అంగీకరించకూడదు, ఫ్లాష్‌లోని రాతను ఇతరులు మార్చలేకుండా కాపాడాలి, ఈ ఏర్పాటును దాటిపోయే అడ్డదారి ఉండకూడదు అన్నవి అందులోని ముఖ్య సూత్రాలు. 2018 మే నెలలో అదే సంస్థ మరొక పత్రంలో ఒక అడుగు ముందుకు వేసింది. రక్షణ ఎంత గట్టిదైనా ఏదో ఒక రోజు ఓడిపోతుందన్న అంగీకారం అందులో ఉన్నది. అందుచేత కాపాడుకోవడంతో పాటు చెడినట్లు గుర్తించడం, తిరిగి కోలుకోవడం కూడా యంత్రం నేర్వాలని ఆ పత్రం చెప్పింది.

సంతకంతో సమస్య తీరిపోలేదని చెప్పడానికి ఒక చిన్న బొమ్మ చాలు. 2009లో రఫాల్ వోజ్‌చుక్, అలెగ్జాండర్ తెరెష్కిన్ అనే పరిశోధకులు సంతకాన్ని పరీక్షించే ఒక ఇంటెల్ బయోస్‌ను ఛేదించి చూపారు. బయోస్ మొత్తానికి సంతకం ఉన్నది. యంత్రం మేలుకునేటప్పుడు కనబడే కంపెనీ చిహ్నాన్ని మాత్రం కొనుగోలుదారుడు తన ఇష్టానుసారం మార్చుకోవచ్చు, దానికి సంతకం లేదు. తప్పుడు కొలతలతో తయారు చేసిన ఒక బొమ్మను అక్కడ పెట్టి, దానిని చదివే ప్రోగ్రామును వాళ్ళు బోల్తా కొట్టించారు. పద్నాలుగేళ్ళ తరువాత, 2023 డిసెంబరులో, లోగోఫెయిల్ పేరుతో వెల్లడైన లోపాలు కూడా ఈ కోవకు చెందినవే. కోట గోడలు ఎంత ఎత్తు కట్టినా తోరణం కట్టే కిటికీ తెరిచి ఉన్నట్లయింది.

అరచేతి కంప్యూటర్లు

పై పాఠాలను చిన్న కంప్యూటర్ల రూపకర్తలు బాగా ఒంటబట్టించుకున్నారు. క్రోమ్‌బుక్‌లలో ఫర్మ్‌వేర్ మూడు భాగాలుగా ఉంటుంది. ఒకటి చదవడానికే తప్ప రాయడానికి వీలులేనిది. మిగిలిన రెండూ జంట గదులు. ఒక గదిలోని ప్రోగ్రాము నడుస్తుండగా కొత్తది రెండవ గదిలో చేరుతుంది. సరిగా చేరిందని తేలితే మరుసారి అక్కడి నుండి మొదలవుతుంది. చాలాకాలం ఈ యంత్రాలలో మొదటి భాగానికి కాపలా కాసినది బోర్డు మీది ఒక మామూలు స్క్రూ. దానిని విప్పగలవాడు యంత్రాన్ని చేతిలో పట్టుకున్నవాడే అన్నది తర్కం. 1990ల నాటి జంపర్‌కు అది వారసురాలు.

రాస్ప్‌బెర్రీ పై చరిత్ర ఇంకా ఆసక్తికరం. 2012లో వచ్చిన తొలి నమూనాలో మారని చిన్న ప్రోగ్రాము ఒకటి ప్రధాన చిప్పు లోపల ఉండేది. మిగిలిన ఫర్మ్‌వేర్ అంతా ఎస్‌డీ కార్డులో ఉండేది. కార్డు పాడైతే మరో కార్డు పెట్టుకోవడమే. కిల్డాల్ ఫ్లాపీ మళ్ళీ ప్రత్యక్షమయింది! 2019 జూన్‌లో వచ్చిన నాలుగవ నమూనాలో ఆ భాగం బోర్డు మీది 512 కిలోబైట్ల చిప్పులోకి మారింది. దానితో పాటు పాత ప్రమాదమూ రావాలి. కాని మారని ఆ మొదటి ప్రోగ్రాముకు ఒక అలవాటు నేర్పారు: ఎస్‌డీ కార్డులో రికవరీ ఫైలు ఉన్నదేమో ముందుగా చూసుకోవడం. ఉంటే బోర్డు మీది చిప్పు ఏ స్థితిలో ఉన్నా దానిని తిరిగి రాస్తుంది. పని పూర్తయితే పచ్చ దీపం ఆగకుండా వేగంగా మిణుకుమంటుంది, తెర పచ్చబడుతుంది. నవీకరణ మధ్యలో కరెంటు పోయినా ఒక కార్డుతో కోలుకోవచ్చు.

లినక్స్ వాడేవారికి వేరే చిక్కు ఉండేది. నవీకరణ ప్రోగ్రాములు విండోస్‌కు మాత్రమే వచ్చేవి. 2015లో రిచర్డ్ హ్యూస్ ప్రారంభించిన ఎఫ్‌డబ్ల్యూయూపీడీ, దానికి అనుబంధమైన ఫర్మ్‌వేర్ భాండారం ఆ లోటును చాలావరకు తీర్చాయి. తయారీదారులే అక్కడ సంతకం చేసిన ఫైళ్ళు ఉంచుతారు. ఏ ఫైలు ఏ యంత్రానిదో యంత్రమే పోల్చుకుంటుంది. ఒక అక్షరం తేడా ఉన్న మోడల్ ఫైలును పొరపాటున ఎక్కించే ప్రమాదం అలా తగ్గింది.

చరిత్ర చెప్పే జాగ్రత్తలు

ఇప్పుడు ఆ హెచ్చరికలను మళ్ళీ చదివితే ఒక్కోదాని వెనుక ఉన్న కాలం కనబడుతుంది. మోడల్ సంఖ్యనే కాక బోర్డు కూర్పు సంఖ్యను కూడా సరిచూడమనడం, ఒకే పేరుతో వేర్వేరు బోర్డులు అమ్ముడైన 1990ల వారసత్వం. ఫైలును తయారీదారుడి స్థానం నుండే తీసుకుని, చెక్‌సమ్ ఇచ్చి ఉంటే పోల్చుకోమనడం సీఐహెచ్ తరువాతి వివేకం. విడుదల పత్రాన్ని చదివి, ఆ మార్పు తన యంత్రానికి అవసరమో కాదో నిర్ణయించుకుని, అత్యవసరం కాకపోతే కొన్ని రోజులు వేచి చూడడం 2018 జనవరి నేర్పిన పాఠం.

బ్యాటరీ నిండుగా ఉండాలి, ఛార్జరు కూడా తగిలించి ఉండాలి. బ్యాటరీ లేని చిన్న పెట్టె అయితే యూపీఎస్‌కు కలపాలి. కరెంటు కోత తెలిసిన ఊళ్ళలో దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. నవీకరణకు ముందు బయోస్‌లోని అమరికలను ఒక కాగితం మీదో ఫోటోలోనో భద్రపరచాలి, మార్పు తరువాత అవి మొదటి స్థితికి పోవచ్చు. డిస్కు గుప్తీకరించి ఉంటే దాని రికవరీ తాళాన్ని ముందే వేరేచోట రాసుకోవాలి. విండోస్‌లోని బిట్‌లాకర్ విషయంలో అది 48 అంకెలది. ఫర్మ్‌వేర్ మారినప్పుడు యంత్రం తనను తాను గుర్తుపట్టలేక ఆ అంకెలు అడిగే సందర్భాలున్నాయి. బయోస్ సవ్యంగా మారి, సమాచారం మాత్రం శాశ్వతంగా అందకుండా పోవడం నేటి కాలపు నష్టం. అన్నిటికన్నా ముందు, చెడిపోతే కోలుకునే దారి ఆ యంత్రానికి ఉన్నదా, ఉంటే ఏ మీటతో, ఏ పేరున్న ఫైలుతో అన్నది తెలుసుకుని ఉండాలి. మొదలుపెట్టిన తరువాత తెర నల్లబడినా, పంకా హోరెత్తినా, యంత్రం రెండు మూడుసార్లు తనంతట తానే రీబూట్ అయినా ఓపిక పట్టాలి. అసహనంతో నొక్కిన మీట కూడా కరెంటు కోతతో సమానమే.

తాళంచెవి ఎవరిది

సంతకం దొంగను ఆపింది. యజమానిని కూడా కొంతవరకు ఆపింది. తయారీదారుడు సంతకం చేసినదే యంత్రం అంగీకరిస్తుంది కనుక, అతడు నవీకరణలు ఆపిన రోజున ఆ యంత్రంలోని లోపాలు ఎప్పటికీ అలాగే ఉండిపోతాయి. ఈ పరిస్థితిని ముందే ఊహించినవారున్నారు. 1999లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో రాన్ మిన్నిచ్ లినక్స్‌బయోస్ అనే బహిరంగ ప్రయత్నాన్ని మొదలుపెట్టాడు. 2008లో అది కోర్‌బూట్‌గా పేరు మార్చుకున్నది. అది పని చేసే యంత్రాలలో, తయారీదారుడు చేతులెత్తేసిన తరువాత కూడా బయోస్‌ను సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. అటువంటి యంత్రాలు మొత్తంలో కొద్ది పాలు మాత్రమే.

సంతకాలకు ఆయుష్షు కూడా ఉంటుంది. యంత్రం మేలుకునేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ అసలైనదో కాదో తేల్చే సెక్యూర్ బూట్ ఏర్పాటు, మైక్రోసాఫ్ట్ 2011లో జారీ చేసిన ధ్రువపత్రాల మీద ఆధారపడి ఉన్నది. వాటికి 2026 జూన్ నుండి గడువు తీరనారంభిస్తుంది. వాటి స్థానంలో 2023 నాటి కొత్త ధ్రువపత్రాలు చేరాలి. గడువు తీరినంత మాత్రాన పాత యంత్రం ఆగిపోదు. కాని కొత్త పత్రాలు అందని యంత్రానికి, మేలుకునే దశకు సంబంధించిన తరువాతి రక్షణలు అందవు. కొన్ని యంత్రాలలో ఆ పత్రాలు సరిగా చేరాలంటే ముందుగా తయారీదారుడి ఫర్మ్‌వేర్ నవీకరణ కావాలి.

విదేశాలలోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. ఇక్కడ కొత్తది కొనుక్కుని, అయిదారేళ్ళు వాడిన ల్యాప్‌టాప్‌ను స్వదేశంలోని తల్లిదండ్రులకో, చదువుకుంటున్న బంధువుల పిల్లలకో పెట్టెలో పెట్టి తీసుకుపోవడం మామూలే. ఆ యంత్రం తన శేషజీవితాన్ని గడిపేది కరెంటు నిలకడ తక్కువైన చోట, సందేహం వస్తే అడగడానికి తెలిసినవారు లేని ఇంట. దానికి అవసరమైన చివరి బయోస్ నవీకరణను ప్రయాణానికి ముందే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, రికవరీ తాళం రాసుకుని పూర్తి చేస్తే, ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రమాదకరమైన కొద్ది నిమిషాలను ఎదుర్కోవలసిన అవసరం రాదు. అందించే మనిషి ఆ అంకెలున్న కాగితాన్ని కూడా ఛార్జరుతో పాటు అందించడం మంచిది.